చివరి డబ్బాకు తుప్పు: కారు సైలెన్సర్ ఇంట్లో ఎంతవరకు మార్చుకోవచ్చు?

స్క్రూడ్రైవరు పిడితో సైలెన్సర్ డబ్బాను ఒకసారి తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు డొల్లగా పలుకుతుంది. లోపల రాలిన తుప్పు పెళ్లలు ఎండుకాయలో గింజల్లా గలగలమంటాయి. చాలామందికి ఇలా తట్టి చూసే అవసరం రాకముందే చెవులు చెప్పేస్తాయి. నిన్నటిదాకా మెత్తగా నడిచిన కారు ఈ ఉదయం ట్రాక్టరులా బుడబుడలాడుతుంది. వంగి చూస్తే వెనక బంపరు కింద, డబ్బా అంచున, వేలు పట్టేంత బొక్క.

షెడ్డుకు తీసుకుపోవాలా, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? నాలుగు బోల్టులే కదా అనేవాళ్లున్నారు. కారు కింద దూరడం మన పని కాదనేవాళ్లూ ఉన్నారు. విశాఖలో సముద్రపు గాలి నేరుగా తగిలే వీధిలో ఇరవై ఏళ్లుగా కారు ఉంచుకుంటున్నవాణ్ణి. రెండు సైలెన్సర్లు నా చేత్తో మార్చాను, మూడోదాన్ని సగంలో ఆపి ఆటోనగర్‌కు పంపాను. నాకు అర్థమైనంతలో, మన నేర్పును బట్టి తేలేది ఇందులో కొంతే. తుప్పు గొట్టంలో ఏ చోట పట్టింది, డబ్బా ముందరి జాయింటు ఏ రకం అన్న రెండు విషయాలే ఎక్కువ భాగం తేల్చేస్తాయి.

గొట్టం దారి ఒకసారి మనసులో గీసుకుందాం. ఇంజను పక్కన మానిఫోల్డు, దానికి అంటిపెట్టుకునో కాస్త కిందనో కేటలిటిక్ కన్వర్టర్, దాని ముందూ వెనకా ఆక్సిజన్ సెన్సర్లు. అక్కడి నుంచి కారు నడుం కింద పొడవాటి గొట్టం. కొన్ని కార్లలో దాని మధ్యలో ఒక చిన్న డబ్బా ఉంటుంది. చివరికి వెనక చక్రాల దగ్గర పెద్ద డబ్బా, తోక గొట్టం. ఇంగ్లీషు పుస్తకాలు మఫ్లర్ అనేది ఈ పెద్ద డబ్బానే. మన దగ్గర మెకానిక్కు, పోలీసు, బండివాడు అందరూ సైలెన్సర్ అనే అంటారు.

ఇంజను దగ్గర గొట్టం వందల డిగ్రీల వేడిలో ఉంటుంది, చివరి డబ్బా అన్నిటికంటే చల్లగా ఉంటుంది. వేడికి ఇనుము చెడుతుంది కాబట్టి ముందు భాగమే త్వరగా పోవాలి కదా అనిపిస్తుంది. పోయేది చివరి డబ్బాయే. కారణం నీరు. పెట్రోలులో ఉన్న హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే పుట్టే నీరు ఇంచుమించు ఒక లీటరు. ఇంజను బాగా వేడెక్కి ఉంటే అదంతా ఆవిరిగానే బయటికి పోతుంది. చల్లగా ఉంటే డబ్బా గోడలకు తగిలి, చల్లని గ్లాసు బయట చెమ్మ పట్టినట్టు, నీటిబొట్లై అడుగుకు జారుతుంది. చలికాలం పొద్దున తోక గొట్టం నుంచి కారే చుక్కలు అవే. ఆ నీరు శుద్ధజలం కాదు. పొగలోని గంధకపు వాయువులు, నైట్రోజన్ ఆక్సైడులు అందులో కరిగి పలచని ఆమ్లమవుతుంది.

అందుకే సైలెన్సర్ తుప్పు చాలావరకు లోపలి నుంచి బయటికి వస్తుంది. బయట మనకు మొదటి గోధుమరంగు మచ్చ కనపడే నాటికి లోపలి పని చాలామటుకు అయిపోయి ఉంటుంది. ఎక్కువ తిరిగే కారుకంటే తక్కువ తిరిగే కారుకే ఈ జబ్బు ముందు వస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ నిజం. రోజూ రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడికి పిల్లల్ని దించి వచ్చే కారులో డబ్బా ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు. కిందటి రోజు నీటిమీద ఈ రోజు నీరు చేరుతుంది. అదే కారును వారానికొకసారి అరగంట హైవే మీద నడిపితే లోపలి తడి ఆరిపోతుంది. సీఎన్జీ బండ్లకు ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఒక కిలో గ్యాస్ కాలితే దాదాపు రెండుంపావు కిలోల నీరు పుడుతుంది.

ఇంధనంలో గంధకం విషయంలో మాత్రం కాలం మనకు మేలు చేసింది. భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-3 నాటి పెట్రోలులో గంధకం పది లక్షల్లో 150 వంతుల దాకా ఉండనిచ్చేవారు. 2017లో దేశమంతా వచ్చిన బీఎస్-4లో అది 50కి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6లో 10కి దిగింది. ఊపిరితిత్తుల కోసం చేసిన ఆ మార్పు వల్ల డబ్బాలో చేరే ఆమ్లమూ పలచబడింది.

బయటి తుప్పు ఊరిని బట్టి ఉంటుంది. సముద్రపు గాలిలో ఉప్పు కణాలు తీరం నుంచి మొదటి కొద్ది కిలోమీటర్లలోనే ఎక్కువగా రాలిపోతాయి. అందుకని విశాఖలోనే బీచ్ రోడ్డు పక్కన పెట్టిన కారుకూ లోపలి పేటలో పెట్టిన కారుకూ తేడా కనిపిస్తుంది. హైదరాబాదు కారు అడుగు చూస్తే నాకు అసూయ పుడుతుంది. వరదనీరు మరో శత్రువు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. అలా నానిన కారుకు ఇంజనూ సీట్లూ చూపించుకుంటారు గానీ, డబ్బాలో చేరిన బురదనీటి సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఉప్పు కథ పూర్తిగా చూడాలంటే మాత్రం అమెరికా ఉత్తరాదికి పోవాలి. మిషిగన్, ఒహాయో, ఇల్లినాయిల్లో చలికాలమంతా మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందనే, నేలకు వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. కార్ల రాజధాని కిందే కార్లను తినే ఉప్పు! డెట్రాయిట్ శివార్లలో స్థిరపడ్డ తెలుగు ఇంజనీర్లు మొదటి నాలుగైదు శీతాకాలాల్లోనే ఈ పాఠం నేర్చుకుంటారు. డాలస్‌లో ఉండే వాళ్ల చుట్టాలకు ఆ బాధ తక్కువ. సొంత గరాజులో సైలెన్సర్ మార్చుకోవడం అమెరికాలో మామూలు విషయం. పనివాడి గంట కూలి ఎక్కువ, కొట్లో తమ కారు మోడలుకు సరిపోయే డబ్బా దొరుకుతుంది, ధరావతు కట్టి పనిముట్లు అరువు తెచ్చుకునే కొట్లూ ఉన్నాయి. మన దగ్గర లెక్క వేరు. కూలి తక్కువ, వెల్డరు దగ్గర్లో ఉంటాడు, కానీ అపార్ట్‌మెంట్ సెల్లారులో కారు కింద పడుకునే చోటుండదు. అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోవడం వల్లే చాలామంది మొదటి ప్రయత్నంలో చతికిలబడుతున్నారని నా అభిప్రాయం.

ఈ డబ్బా కారుకు దాదాపు తోబుట్టువు. ఇండియానాలోని కొలంబస్ పట్నానికి చెందిన మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అనే అన్నదమ్ములు 1897లోనే ఇంజను చప్పుడు తగ్గించే డబ్బాకు పేటెంటు తీసుకున్నారు. లోపలి సూత్రం ఇప్పటికీ పెద్దగా మారలేదు. సిలిండరు నుంచి ఒక్కో పేలుడూ ఒక్కో ఒత్తిడి తరంగంలా వస్తుంది. డబ్బా లోపలి అడ్డుగోడలూ, చిల్లుల గొట్టాలూ, ఖాళీ గదులూ ఆ తరంగాన్ని వెనక్కి కొట్టి, ఎదురొచ్చే తరంగంతో ఢీకొట్టించి సద్దుమణిగిస్తాయి. కొన్నింటిలో గాజునూలు కూరి శబ్దాన్ని ఇంకిస్తారు. ఇన్ని గోడలూ మూలలూ ఉండటమే నీరు నిలవడానికీ కారణం.

తుప్పు మీద ఒక వ్యాపారమే పెరిగింది. మైడాస్ అనే సంస్థ 1956లో జార్జియాలోని మేకన్‌లో సైలెన్సర్లు మార్చే దుకాణంగానే మొదలై అమెరికా అంతటా విస్తరించింది. ఆనాటి మామూలు ఉక్కు డబ్బాలు అంత త్వరగా పోయేవి. తర్వాత కార్ల కంపెనీలు స్టెయిన్‌లెస్‌కు మళ్లాయి. 409 రకం ఉక్కును మొదట తయారుచేసిందే కారు పొగ గొట్టాల కోసం. అందులో క్రోమియం సుమారు 11 శాతం. మన వంటింటి గిన్నెల్లో వాడే 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం. 409కి అయస్కాంతం అంటుకుంటుంది, పైన పలచగా తుప్పురంగు కూడా వస్తుంది. అది చూసి మోసపోయామని కంగారు పడక్కర్లేదు, ఆ రంగు పైపైనే ఆగుతుంది. మూడో రకం అల్యూమినియం పూత వేసిన ఉక్కు. చవక, మంచిదే, కానీ పూత పోయిన చోట, అంటే కోసిన అంచులోనూ వెల్డింగు చేసిన గీతలోనూ, తుప్పు మొదలవుతుంది. కొట్టువాడు కొత్త డబ్బా చూపిస్తే నేను ముందు చూసేది డబ్బా మెరుపు కాదు, ఆ వెల్డింగు గీతలు. లోపలి పట్నాల్లో పూత డబ్బా చాలు. తీరంలో ఉంటే 409కి తక్కువైనది కొనవద్దంటాను.

బొక్క పడ్డ డబ్బాతో నడిపితే ఏమవుతుంది? చప్పుడు అందరికీ తెలిసిందే. అసలు భయం కార్బన్ మోనాక్సైడ్. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తోక గొట్టం చివర బొక్క పడితే పొగ వెనక్కి పోతుంది. మధ్య గొట్టంలోనో, ఇంకా ముందో పడితే అది సీట్ల కిందికి, అక్కడి తుప్పు సందుల్లోంచి లోపలికి రావచ్చు. కారు ఆపి, అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని కునుకు తీయడం అలాంటి కారులో ప్రాణాంతకం. కారెక్కిన కాసేపటికే తలనొప్పి, వికారం వచ్చి దిగగానే తగ్గుతుంటే అద్దాలు దించి, కారు ఆపి, ఆ రోజే గొట్టం చూపించుకోవాలి. ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాననుకోండి, ఫరవాలేదు. ముందు సెన్సరుకు ఇంజను వైపున బొక్క పడితే మరో చిక్కు. బయటి గాలి లోపలికి పీల్చుకుపోయి, పెట్రోలు తక్కువైందని కంప్యూటరు పొరబడి మరింత పెట్రోలు పోస్తుంది. మైలేజీ పడిపోతుంది.

ఇక అతుకులు. ఎంసీల్ మెత్తడం, పాత టిన్ను రేకు చుట్టి క్లాంపు బిగించడం, వేడిని తట్టుకునే పేస్టు పూయడం మనందరికీ తెలిసిన చిట్కాలే. వేడికీ అదురుకూ ఎంసీల్ కొద్ది రోజుల్లో పెళుసై రాలిపోతుంది. క్లాంపూ రేకూ దూరప్రయాణం మధ్యలో ఇల్లు చేరడానికి పనికొస్తాయి. వెల్డింగు అతుకు మాత్రం గౌరవించదగిన పని, రేకు గట్టిగా ఉండి ఒక్కచోట రాయి తగిలి చిరిగితే. లోపలి నుంచి తినేసిన డబ్బాకు అది కూడా నిలవదు. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన మా డబ్బాను సుత్తితో ఒక్కటి వేసి, బొక్క పక్కన ఇంకో బొక్క చూపించి, "అతుకెయ్యడానికైనా రేకుండాలి కదా బాబూ" అన్నాడు. ఈ విషయంలో దానికి మించిన సలహా నాకు ఎక్కడా దొరకలేదు.

హద్దు ఎక్కడ గీసుకోవాలో ఇప్పుడు చెప్పుకోవచ్చు. చివరి డబ్బా, తోక గొట్టం మన చేతి పనులు. నడుం గొట్టం, జాయింట్లు కదిలితే మన పని, కదలకపోతే కాదు. కేటలిటిక్ కన్వర్టర్, సెన్సర్లు, మానిఫోల్డు, బీఎస్-6 డీజిలు కార్లలోని మసి ఫిల్టరు, ఇవి ఇంటి పనులు కావు. చివర నుంచి ఇంజను వైపు పోయేకొద్దీ వేడీ ఖర్చూ పెరుగుతాయి, తప్పును సరిదిద్దుకునే వీలు తగ్గుతుంది.

తర్వాత జాయింటు. డబ్బా కొనే ముందే కారు కింద టార్చి వేసి చూడాల్సింది దాన్నే. రెండు అంచులు ఎదురెదురుగా పెట్టి స్ప్రింగు బోల్టులు బిగించి ఉంటే అదృష్టం, పాత బోల్టు విరిగినా కొత్తది వేసుకోవచ్చు. గొట్టంలో గొట్టం దూర్చి పైన క్లాంపు బిగించి ఉంటే, ఏళ్ల తుప్పు ఆ రెంటినీ ఒకటి చేసి ఉంటుంది. మూడోది, కంపెనీలోనే మధ్య గొట్టం నుంచి తోక దాకా ఒకే ముక్కగా వెల్డింగు చేసి పంపినది. దాన్ని కోయక తప్పదు. నేను సగంలో వదిలేసినది ఈ మూడో రకమే. కోత వెనక చక్రాల ఇరుసు పైన, చెయ్యి సరిగా ఆడని చోట వచ్చింది. కోయడం నాకు చేతకాలేదని కాదు, సూటిగా కోయలేనని తెలిసింది. వంకర కోతమీద ఎంత మంచి క్లాంపు వేసినా పొగ కారుతుంది.

ఇక పని. ముందు రోజు సాయంత్రమే బోల్టులకు డబ్ల్యూడీ-40 లాంటి నూనె కొట్టి వదిలేయాలి. మర్నాడు ఇంకోసారి. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. నేల చదునైన కాంక్రీటు కావాలి. మట్టిలో, వాలు ర్యాంపు మీద వద్దు. ముందు చక్రాలకు రెండు వైపులా దుంగలు పెట్టాలి, గేరులో ఉంచి హ్యాండ్‌బ్రేకు వేయాలి. కారుతో వచ్చిన జాకీ టైరు మార్చడానికే. దాని మీద నిలిచిన కారు కిందికి తల పెట్టడం చావును పిలవడమే. కారు ఎత్తాక దాని బరువంతా రెండు ఉక్కు స్టాండ్ల మీద, కంపెనీ పుస్తకం చూపించిన చోట్ల నిలవాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి. స్టాండ్లు పెట్టాక కారును చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే అప్పుడే కదలాలి, మీరు కింద ఉన్నప్పుడు కాదు. స్టాండ్లు కొనే ఉద్దేశం లేనివారు ఈ పనికి దిగవద్దు. మిగతా పనిముట్లలో దేనికైనా ప్రత్యామ్నాయం ఉంది, దీనికి లేదు.

కంటి అద్దాలు పెట్టుకోవాలి. తుప్పు నేరుగా కళ్లలోకే రాలుతుంది. నట్టు కదలకపోతే పానాకు పొడుగు గొట్టం తగిలించి బలం పెట్టేకంటే ఆ బోల్టును హాక్సాతో కోసేయడం మేలు. పాత బోల్టు పది రూపాయల వస్తువు, మోచేతి చర్మం కాదు. గ్రైండరు వాడితే పని నిమిషాల్లో అవుతుంది, కానీ పెట్రోలు ట్యాంకు ఆ పక్కనే ఉంటుంది, బ్రేకు గొట్టాలూ పెట్రోలు గొట్టమూ అక్కడినుంచే పోతాయి. నిప్పురవ్వలు ఎటు ఎగురుతాయో ఆలోచించకుండా మీట నొక్కకూడదు, కొట్టిన నూనె తుడిచేయకుండా అసలే కూడదు. నేను ఆ చోట హాక్సానే నమ్ముకుంటాను. గొట్టంలో దిగిన గొట్టం రాకపోతే బయటి గొట్టాన్ని మాత్రం నిలువుగా చీల్చి, ఉలితో తొక్క ఒలిచినట్టు ఒలిస్తే లోపలిది చెడకుండా మిగులుతుంది. ఈ కిటుకు తెలియక మంచి గొట్టాన్ని కూడా కోసి పారేసేవాళ్లెందరో.

డబ్బా రబ్బరు ఉంగరాల మీద వేలాడుతుంది. జాయింటు విప్పేవరకూ వాటిని ముట్టుకోవద్దు, డబ్బాను అవే మోస్తాయి. జాయింటు వదిలాక డబ్బా కింద చెక్క దిమ్మ పెట్టి, రబ్బర్లకు సబ్బునీళ్లు రాసి జార్చాలి. ఇంజను ఆయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పగుళ్లు పట్టిన రబ్బర్లను డబ్బాతో పాటే మార్చేయాలి. పాత రబ్బరు తెగితే కొత్త డబ్బా స్పీడు బ్రేకరు మీద పడుతుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు ముందు అన్నీ వదులుగానే వేయాలి. డబ్బా రబ్బర్ల మీద తనంత తాను కుదురుకున్నాక, చుట్టూ రెండు వేళ్ల సందు ఉందో లేదో చూసి, ఇంజను వైపు నుంచి వెనక్కి ఒక్కో జాయింటూ బిగించుకుంటూ రావాలి. ముందే ఒకటి బిగించేస్తే రెండోది వంకరగా నిలిచి, ప్రతి గుంతలోనూ టకటకమంటుంది. గ్యాస్కెట్టు కొత్తదే వేయాలి. డబ్బా అడుగున సూదిబెజ్జమంత చిల్లు కనిపిస్తే అది లోపం కాదు, నీరు కారిపోవడానికి కంపెనీవాళ్లు పెట్టినదే. దాన్ని ఎంసీల్‌తో మూసేసి డబ్బా ఆయుష్షు తగ్గించిన పుణ్యాత్ములను నేను చూశాను. కారు దించేముందు ఇంజను వేసి, తోక గొట్టం దగ్గర మందపాటి గుడ్డను ఎవరిచేతనైనా కొద్దిగా అడ్డం పెట్టించి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే కారే చోట బుడగలొస్తాయి. అప్పుడు తలుపులు, గేట్లు తెరిచి ఉండాలి. మొదటి పది నిమిషాలు కొత్త డబ్బా పైనూనె కాలి పొగా వాసనా రావడం సహజమే. వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి బిగించాలి.

వెల్డింగు తప్పనిసరైతే సగం పని ఇంట్లో, సగం షెడ్డులో చేయించుకోవడం మన ఊళ్లకు సరిగ్గా సరిపోయే దారి. పాతది విప్పి, కొత్తదీ పాతదీ కలిపి వెల్డరు ముందు పెడితే, గొట్టం వంపులు పాతదాన్ని చూసి కలుపుతాడు. కారుకు తగిలించి ఉండగానే వెల్డింగు చేయాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయించాలి. కంప్యూటరు పోతే సైలెన్సర్ ఖరీదు ఏ మూలకూ రాదు.

ఎలాగూ మారుస్తున్నాం కదా, గట్టిగా మోగేది వేద్దామనే కుర్రాళ్లకు ఒక మాట. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ చప్పుడు తగ్గించే సైలెన్సర్ ఉండాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మొదటిసారికే పదివేల రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా లైసెన్సు మీద మూడు నెలల వేటు. పట్టుకున్న మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించడం మన నగరాల్లో చూస్తూనే ఉన్నాం. డబ్బా తీసేస్తే ఇంజను బలం పెరుగుతుందన్నది కూడా రోజువారీ కారు విషయంలో భ్రమే. పెరిగేది పక్కింటి పసిపాప ఏడుపు.

పాత డబ్బాను వెంటనే స్క్రాపుకు వేయకండి. హాక్సాతో నిలువుగా కోసి తెరవండి. ముందు నోటికి ముసుగు కట్టుకోవాలి, లోపలి గాజునూలు ఊపిరిలోకి పోకూడదు. మా రెండో డబ్బా అలా తెరిస్తే పైసగం ఇంకా నీలంగా, గట్టిగా ఉంది. కిందిసగం అప్పడంలా విరిగింది. అడ్డుగోడకు ఒకపక్క పేరుకున్న తుప్పు పెళ్లలు రెండు గుప్పెళ్లయ్యాయి. నీటి చిల్లు ఆ పెళ్లల కింద పూడిపోయి ఉంది. మూడోది వచ్చినప్పుడు నేను మొదట చూసింది ఆ చిల్లు ఎక్కడుందోనని. ఇప్పుడు వానాకాలం పోగానే సన్నని తీగ ఒకటి అందులో దూర్చి తీస్తాను. మొన్న తీసినప్పుడు తీగ వెంట అరగ్లాసు నల్లనీళ్లు వచ్చాయి.